తలుపు క్యాసెట్ తనిఖీ

ఆ రోజు పొద్దున లింగం పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదింటికల్లా పటాన్‌చెరు చేరి, కంపెనీ ఆఫీసులో ఫైలు తెరిచి, నాలుగు వందల పదిహేడో నంబరు రిపోర్టు మీద ‘రద్దు’ అని రాసి, సంతకం పెట్టి, ఏమీ ఎరగనట్టు టీ తాగాలి. ఆడిటర్ వచ్చేది పదింటికి. మొత్తం కలిపి అర నిమిషం పని. ఆ అర నిమిషం కోసం కందిలో పెందలాడే బస్సెక్కిన మనిషిని, ముత్తంగి దగ్గర రోడ్డుకు అడ్డంగా పడిన లారీ రెండు గంటలు కూర్చోబెట్టింది.

ఇది తొంభై ఏడు నాటి మాట. అప్పట్లో సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా ఏ కంపెనీని చూసినా ఐఎస్ఓ సర్టిఫికెట్ జ్వరమే. లింగం పనిచేసే వాల్వుల కంపెనీకీ అది తగులుకుంది. సర్టిఫికెట్ వస్తే, ఆరేళ్లుగా టెంపరరీ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న లింగాన్ని పర్మనెంట్ చేస్తానని ఓనరు అందరి ముందూ మాటిచ్చాడు. రాకపోతే తనిఖీ పని బయటివాళ్లకు ఇచ్చేస్తానని కూడా అన్నాడు. ఈ రెండో మాట లింగం ఇంట్లో చెప్పలేదు.

ఇంతకూ ఆ రిపోర్టు కథేమిటంటే, లింగం దగ్గర ఒక ఇంగ్లీషు పాటల క్యాసెట్ ఉంది. వాళ్లింట్లో కిరాయికున్న గోవా ఇంజినీరు గది ఖాళీ చేస్తూ ఇచ్చిపోయాడు. ఎక్కడో కాపీ చేసిన సరుకు. అట్ట మీద పేరు లేదు. పొలం మధ్యలో గోడ లేకుండా నిలబడ్డ ఒక తలుపు బొమ్మను ఎవరో బాల్‌పెన్నుతో గీశారు. అందుకని లింగానికి అది తలుపు క్యాసెట్. మొదటి వైపు అయిదు పాటలు, రెండో వైపు అంతా ఒకటే పాట. ఆ భాషలో అతనికి అర్థమయ్యే మాటలు పది కూడా ఉండవు. అయినా ఆ గిటారు మొదలైతే చాలు, చేతిలోని అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది. అంత గొప్ప పాటలు. ఆ సంగతి దాచుకోవడం అతనికి చేతకాలేదు.

"దునియల దీన్ని మించిన ఆల్బం లేదు సంగన్నా" అని లింగం రోజూ క్యాంటీన్లో అనేవాడు.

క్యాంటీన్ నడిపే సంగయ్య భజన మండలి మనిషి. ఒకరోజు ఆయనకు విసుగొచ్చింది. "నువ్వంటె అయిపోతదా? రిపోర్టు లేంది మన గేటు దాటి బోల్టు గూడ పోదు. దునియల గొప్పదంటివి, మరి రిపోర్టేది?" అన్నాడు.

లింగానికి రోషం వచ్చింది. అక్కడికక్కడే తనిఖీ ఫారం తీసి నింపాడు. వస్తువు: ఇంగ్లీషు పాటల క్యాసెట్. సంఖ్య: ఒకటి. పరీక్ష పద్ధతి: మిషన్లు ఆపి, కళ్లు మూసుకుని మొత్తం వినాలి. లీకేజీ: లేదు. ఫినిషింగ్: చివర కత్తితో కోసినట్టు శుభ్రంగా ఉంది. ఫలితం: ప్రపంచంలోనే అన్నిటికంటె గొప్ప ఆల్బం, పాస్. కింద సంతకం, తేదీ, ముద్ర.

ముద్ర వేశాక గాని గుర్తురాలేదు, ఆ ఫారాలకు అచ్చులోనే నంబర్లుంటాయని. ఒక్క నంబరు తప్పినా ఆడిటర్ ఒప్పుకోడు, కనుక పాడైన ఫారాన్ని కూడా చింపకుండా ‘రద్దు’ అని రాసి ఫైల్లో పెట్టాలని క్వాలిటీ మేనేజరు వెంకటేశం ఆజ్ఞ. లింగం ఫైల్లో పెట్టాడు గానీ, ఆ మాట మీద రద్దు అని రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. నిజమని తెలిసిన దాన్ని ఎలా రద్దు చేస్తాడు? రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ ఆడిట్ రోజు దాకా లాక్కొచ్చాడు.

లింగం చెమటలు కక్కుతూ ఆఫీసులోకి వచ్చేసరికి ఆడిటర్ వచ్చి కూర్చుని ఉన్నాడు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి ముందు ఫైలు తెరిచి ఉంది. ఆయన వేలు నాలుగు వందల పదిహేడు మీదే ఉంది.

"ఇదేమిటండీ?" అని ఆయన వెంకటేశాన్ని అడిగాడు.

వెంకటేశం వంగి చదివాడు. నాకు తెలియదంటే మేనేజరు ఫైళ్లు చూడడని తేలిపోతుంది. అందుకని నోటికొచ్చింది చెప్పాడు. "అది చెవుల పరీక్ష సార్. మా దగ్గర సుత్తెల చప్పుడు ఎక్కువ. పనోళ్లకు చెవులు మంచిగ ఇనవడుతున్నయా లేదా అని గా క్యాసెట్ పెట్టి సూస్తం."

"మంచి పద్ధతే. అంటే అది కొలత పరికరం. మరి దాన్ని సరిచూసిన స్టిక్కరేదీ?"

"కడగనీకి పోయింది సార్" అన్నాడు వెంకటేశం.

ఆడిటర్ కళ్లజోడు సర్దుకున్నాడు. "సరే. అన్నిటికంటె గొప్పదని రాశారు. దేనితో పోల్చి? మీ కొలత గేజీలు సరిచూడటానికి ఒక మాస్టర్ గేజీ ఉంది. దీనికి మాస్టరేది?"

తలుపు దగ్గర టీ కెటిల్‌తో నిలబడ్డ సంగయ్య, కంపెనీ పరువు తన చేతుల్లోనే ఉందనుకున్నాడు. క్యాంటీన్‌కు ఉరికి టేప్‌రికార్డరు, తమ భజన మండలి క్యాసెట్ పట్టుకొచ్చాడు. "ఇగో సార్, మాస్టరు. మేమే పాడినం" అంటూ మీట నొక్కాడు. తాళాలు, దగ్గు, ఎవరిదో పిల్ల ఏడుపు, మళ్లీ తాళాలు. ఆడిటర్ ఒక నిమిషం ఓపిగ్గా విని, "పోల్చడానికి వీలుంది" అని పుస్తకంలో రాసుకున్నాడు. సంగయ్య అది పొగడ్త అనుకున్నాడు.

తర్వాత ఆడిటర్ లింగం వైపు తిరిగాడు. "చేసిందే రాయాలి, రాసిందే చేయాలి. ఐఎస్ఓ అంటే అంతేనండి. మీరు రాసినట్టే ఆ పరీక్ష నా ముందు చేయండి."

"సార్, రిపోర్టుల మిషన్లన్ని బందువెట్టాలె అని ఉన్నది" అన్నాడు లింగం భయంభయంగా.

"ఆపండి."

సంక్రాంతికీ దసరాకీ తప్ప ఆగని లేతు మిషన్లు ఒకదాని వెంట ఒకటి ఆగాయి. నలభై మంది పనివాళ్లు షెడ్డులో నేల మీద కూర్చున్నారు. చెవుల పరీక్షంటే ఎవరి ఉద్యోగం ఊడుతుందోనని అందరికీ బెంగే. ఎందుకైనా మంచిదని గట్టిగా కళ్లు మూసుకున్నారు. వెంకటేశం మూసుకున్నాడు. ఆడిటరూ మూసుకున్నాడు. లింగం సంచిలోంచి తలుపు క్యాసెట్ తీసి పెట్టాడు.

మొదటి వైపు అయిదు పాటలు అయ్యేసరికే షెడ్డులో దగ్గు కూడా వినబడలేదు. రెండో వైపు తిప్పాడు. ఆ పెద్ద పాట నింపాదిగా మొదలై, ఒక్కొక్క వాయిద్యాన్నీ కలుపుకుంటూ రేకుల కప్పు అదిరేంత పెరిగి, పదో నిమిషం దగ్గర అంతా ఒక్కసారి ఆగిపోయి, డ్రమ్ము ఒక్కటే మిగులుతుంది. చాలా నెమ్మదిగా, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని తట్టినట్టు. దాని మీద ఒక మనిషి గొంతు, ఏ వాయిద్యం తోడూ లేకుండా. ఊడ్చే ముత్యమ్మ చీపురు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకునే చెంపలు తుడుచుకుంది. సంగయ్య వేళ్లు కెటిల్ మీద దరువు తప్పకుండా ఆడుతున్నాయి. వందసార్లు విన్న లింగం కూడా ఉద్యోగం సంగతే మరిచిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఆడిటర్ కోసం పూలదండ పట్టుకుని ఓనరు షెడ్డులోకి వచ్చాడు. మిషన్లు ఆగి ఉన్నాయి. పనివాళ్లంతా నేల మీద, కళ్లు మూసుకుని, పలకకుండా. చివరికి మేనేజరు కూడా! సమ్మె అనుకున్నాడు. అదీ ఆడిట్ రోజు చూసి మరీ. వెనక వరసలో కూర్చున్న ఆడిటర్ ఆయన కంటపడలేదు.

"క్యాంటీన్ల ఫ్యాన్లు పెట్టిస్త" అన్నాడు. ఎవరూ కళ్లు తెరవలేదు.

"చల్లనీళ్ల మిషను గూడ."

వెంకటేశం కళ్లు తెరవకుండానే నోటి మీద వేలు పెట్టుకుని, మాట్లాడొద్దని సైగ చేశాడు. చాలదంటున్నాడని ఓనరుకు అర్థమైంది. "రెండు జతల యూనిఫారం, బూట్లు, ఈ నెలల్నే. ఇగ లెవ్వండ్రి, మీ కాళ్లు మొక్కుత!"

ఆడిటర్ ఒక కన్ను కొంచెం తెరిచి, ‘కార్మికుల పట్ల యాజమాన్యం శ్రద్ధ: మెచ్చదగ్గది’ అని రాసుకుని, మళ్లీ మూసుకున్నాడు.

పాట ఉధృతంగా పైకి లేచింది. లేచి, లేచి, ఠక్కున ఆగింది. టేప్‌రికార్డరు మీట దానంతటదే పైకి వచ్చింది. అందరూ కళ్లు తెరిచారు.

"సూసిన్రా సార్ ఫినిషింగ్!" అన్నాడు లింగం, ఆపుకోలేక. "కత్తితోని కోసినట్టు. గిట్ల ఆపే ధైర్యం ఎవలకుంటది?"

ఆడిటర్ జేబురుమాలుతో కళ్లజోడు తుడుచుకున్నాడు. "లింగం గారూ, అది ముగింపు కాదండి. మీ క్యాసెట్‌లో టేపు అయిపోయింది. పాట ఇంకా నాలుగు నిమిషాలుంది. కాలేజీలో ఈ రికార్డును అరిగిపోయేదాకా విన్నాను నేను." తర్వాత గొంతు మార్చి అన్నాడు, "మీ వాల్వుల రిపోర్టుల్లో ఒక్క తప్పు దొరకలేదు. కానీ పూర్తిగా లేని సరుకును పాస్ చేశారు. నా దగ్గరున్న పూర్తి క్యాసెట్ పంపిస్తాను. విని, కొత్త రిపోర్టు రాయండి. అది చూశాకే సర్టిఫికెట్."

వారంలో క్యాసెట్ వచ్చింది. వెంకటేశం దాన్ని లింగం చేతిలో పెడుతూ బతిమాలాడు. "బిడ్డా, ఆ సారు పానమంత గా పాటలనే ఉన్నది. నాలుగు నిమిషాలు బ్రహ్మాండం అని రాయి. నీ పర్మనెంటు, నా ఇజ్జతు, అన్ని గా రిపోర్టులనే ఉన్నయి."

ఆదివారం పొద్దున లింగం ఇంట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అదే పాట, అదే డ్రమ్ము, అదే ఉధృతి. తెగిపోవాల్సిన చోట తెగలేదు. గిటారు వాయించేవాడు సాగదీశాడు. ఆగినట్టు ఆగి మళ్లీ అందుకున్నాడు. వంటింట్లోంచి లింగం భార్య పుష్పమ్మ అడిగింది. "గాయన ఇంక పోలేదా? పోయొస్త పోయొస్త అనుకుంట గుమ్మంలనే నిలవడె!"

లింగానికి ఏడుపొక్కటే తక్కువ. ఆమె అన్నది అక్షరాలా నిజం. అప్పుడు ఓనరు చెప్పిన రెండో మాటతో సహా అంతా ఆమెకు చెప్పేశాడు. "ఉన్నదున్నట్టు రాస్తె నౌకరి పోతదేమో పుష్పా."

ఆమె గరిటె పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "లీకయ్యే వాల్వును పాస్ జేస్తవా?"

"ఎందుకు జేస్త?"

"మల్ల గిదెట్ల జేస్తవ్?"

లింగం ఫారం నింపాడు. ‘అదనపు మెటీరియల్: నాలుగు నిమిషాలు. అది కోసేస్తే ప్రపంచంలోనే అన్నిటికంటె గొప్ప ఆల్బం. కోయకపోతే కూడా గొప్పదే, అన్నిటికంటె కాదు.’ వెంకటేశం చూస్తే చింపుతాడని, తానే కవరు అంటించి పోస్టు డబ్బాలో వేశాడు. తర్వాత పద్దెనిమిది రోజులు అతనికి అన్నం సహించలేదు. క్యాసెట్ కూడా పెట్టలేదు.

పంతొమ్మిదో రోజు మందపాటి కవరొచ్చింది. అందులో బంగారు అంచు సర్టిఫికెట్, దానితో పాటు లింగం పేర ఒక చిన్న ఉత్తరం. ‘ఆ నాలుగు నిమిషాలను నేను ఇరవై ఏళ్లుగా భరిస్తున్నానండి. అంత గొప్ప ఆల్బాన్ని తప్పుపట్టడానికి నోరు రాలేదు. మీకు వచ్చింది. ఇలాంటి ఇన్‌స్పెక్టర్ ఉన్న కంపెనీకి సర్టిఫికెట్ ఆపడం నా వల్ల కాదు. వీలుంటే మీ క్యాసెట్ నాకొక కాపీ చేసి పంపండి. సరిగ్గా అక్కడే ఆపండి.’

ఆ నెల ఒకటో తారీఖు నుంచి లింగం పర్మనెంట్. ఓనరు సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, ఆఫీసులో అందరికీ కనిపించేలా గోడకు తగిలించాడు. అది వాల్వులకు వచ్చిందనే ఆయన అందరికీ చెబుతుంటాడు.