తొంభై ఎనిమిది శాతం మారిన బడి

గౌరవనీయ విద్యామంత్రి రూపర్ట్ పిల్లింగ్ గారు ఒక టీవీ సీరియల్ మూడో భాగం చూస్తూ కంటతడి పెట్టారు. ఈ సంగతి వారు లండన్‌లో నిండు పార్లమెంటులో ప్రకటించగా, ప్రతిపక్ష నాయకుడు లేచి తాను రెండో భాగంలోనే ఏడ్చానన్నారు. ఎవరు ముందు ఏడ్చారన్న దానిపై ముప్పావుగంట చర్చ నడిచింది. చివరికి మంత్రిగారు, ఫోన్లలో పడి ఆడవాళ్లను అసహ్యించుకోవడం నేర్చుకుంటున్న మగపిల్లల సమస్యకు ప్రభుత్వం పరిష్కారం కనుక్కుందని సెలవిచ్చారు. దేశంలో ప్రతి బడిలోనూ ఆ సీరియల్ చూపిస్తారు.

సీరియల్ అలాంటి కుర్రాడి కథే. చాలా బాగా తీశారు. నేనూ ఏడ్చాను.

మొదటి ప్రదర్శనకు యార్క్‌షైర్‌లోని మా హెబ్లీ బడిని ఎంచుకున్నారు. మా ఊరికి అంతకుముందు మంత్రి వచ్చింది వరదలప్పుడు, అదీ హెలికాప్టర్లో. పందొమ్మిదేళ్లుగా ఆ బడి ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నాకు ఇంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు. హెడ్మాస్టర్ థ్రెల్‌ఫాల్ గారు వ్యాయామశాలకు రంగు వేయించారు, మంత్రిగారు చూసే వైపు.

సోమవారం పొద్దున కెమిస్ట్రీ చెప్పే మిస్ ఓల్డ్‌రాయిడ్ ఆఫీసుకు వచ్చారు. ఆవిడ ముఖాన్ని ఎవరిదో బట్టల్లేని ఒంటికి అతికించి ఎవరో ఫొటో తయారుచేశారు. ఆదివారం సాయంత్రానికల్లా అది ఫోన్లలో బడంతా తిరిగింది. చేసింది పదో తరగతి కిట్ సగ్డెన్ అని ఇద్దరు ఆడపిల్లలు వచ్చి ఆవిడకు చెప్పారు. ఆవిడ ఇదంతా ప్రయోగం వివరిస్తున్నట్టు నింపాదిగా చెప్పారు.

హెడ్మాస్టర్ శ్రద్ధగా విన్నారు.

"మీ బాధ నాకు అర్థమైంది డొరొతీ. కానీ ఇది స్త్రీ ద్వేష వ్యతిరేక వారం. ఈ వారంలో ఇలాంటిది బయటపడితే బాగుండదు."

"మరెప్పుడు బాగుంటుంది?"

"వచ్చే వారం మామూలు వారమే."

ఫిర్యాదు పుస్తకంలో తేదీ వేయకుండా రాసుకోమని నాకు చెప్పారు. పెన్సిల్‌తో రాసుకున్నాను.

బుధవారం ప్రభుత్వం నుంచి చిన్న పుస్తకాలు వచ్చాయి. ఆడవాళ్లను కించపరచడానికి కుర్రాళ్లు ఇంటర్నెట్‌లో వాడే మాటలన్నీ అర్థాలతో సహా అందులో ఉన్నాయి. మా పిల్లలకు అప్పటిదాకా ఓ ఐదారు మాటలే వచ్చు. గురువారం మధ్యాహ్నానికి అక్షర క్రమంలో అప్పజెప్పారు.

శుక్రవారం మంత్రిగారు దయచేశారు. వెంట ముగ్గురు కెమెరావాళ్లు, ఒక సలహాదారు. తిరుగు రైలు రెండింటికి కాబట్టి మూడో భాగం ఒక్కటే వేశారు. మంత్రిగారు సరిగ్గా ఏడ్వవలసిన చోటే ఏడ్చారు. ఒక కెమెరా సిద్ధంగా లేకపోవడం వల్ల ఆ చోటు రెండోసారి వేశారు. రెండోసారి ఇంకా బాగా ఏడ్చారు.

తర్వాత చర్చ. టైంటేబుల్ ప్రకారం దాన్ని నడపవలసింది మిస్ ఓల్డ్‌రాయిడే. ఆవిడ మైకు తీసుకుని, ఇలాంటి తప్పు చేసినవాడు తర్వాత ఏం చేయాలి అని అడిగారు. హెడ్మాస్టర్ కళ్లతోనే పిల్లల్ని బతిమాలారు. చివరికి కిట్ సగ్డెన్ లేచాడు. ఏదో చెప్పబోయి, ఆవిడను చూసి ఆగిపోయి, చేతిలోని ప్రభుత్వ పుస్తకం తెరిచి పదకొండో పేజీ గడగడా చదివేశాడు. గౌరవం ఇంటి నుంచే మొదలవుతుందని.

మంత్రిగారు వేదిక దిగి వచ్చి వాణ్ణి కావలించుకున్నారు. అక్కడికక్కడే దేశపు మొదటి 'మార్పు దూత'గా ప్రకటించారు.

మిస్ ఓల్డ్‌రాయిడ్ మైకు ఇంకా కిందపెట్టలేదు.

"మంత్రిగారూ, నా ఫొటో తయారుచేసింది ఈ అబ్బాయే."

ఈ లోపలే సలహాదారు మైకు ఆపించేశారు. ముందు రెండు వరసలకే వినబడింది. మంత్రిగారు ఆవిడ చేతులు రెండూ పట్టుకుని, మీలాంటివారి కోసమే ఈ సీరియల్ అని, ఇంతకీ మీరు మూడో భాగం పూర్తిగా చూశారా అని అడిగారు. కిట్ చెవుల దాకా ఎర్రబడి బూట్లు చూసుకుంటున్నాడు. ఫొటోలో అది వినయంలాగే వచ్చింది.

పిల్లలు వెళ్లేటప్పుడు తలా ఒక ఫారం ఇచ్చాం. ఒకటే ప్రశ్న: ఈ సీరియల్ మిమ్మల్ని మార్చిందా? అవును, కాదు. లెక్క తేల్చే పని నాది. మూడు వందల పైచిలుకు ఫారాల్లో ఒకదానికి మాత్రం ఏ గడిలోనూ టిక్కు లేదు. వెనక్కి తిప్పి చూశాను.

"ఫొటో చేసింది నేనే. నవ్వుతారనుకున్నా. నవ్వారు. ఇప్పుడు తీసేయండిరా అంటే ఎవడూ తీయట్లేదు. మిస్ ముఖం చూడలేకపోతున్నా. ఎవరికి చెప్పాలి? – కిట్"

హెడ్మాస్టర్ గదికి పట్టుకెళ్లాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పాపం, ఆయనా మనిషే.

"టిక్కు పెట్టలేదా?"

"లేదు సార్."

"అయితే చెల్లదు ఐవర్."

ఆయన ఫారం నా చేతికిచ్చారు. నేను కోటు జేబులో పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది శాతం మారారని లండన్‌కు పంపాం. అభినందన లేఖ వచ్చింది.

మామూలు వారం వచ్చింది. అయితే ఇప్పుడా ఫిర్యాదు దేశపు మార్పు దూత మీద అవుతుంది కాబట్టి మళ్లీ వాయిదా పడింది. మిస్ ఓల్డ్‌రాయిడ్‌కు ఆవిడ అడగకుండానే సెలవు మంజూరు చేశారు. ఆవిడ క్లాసుల్లో సీరియల్ వేస్తున్నారు.

మంగళవారం ఆవిడ తన సామాను తీసుకెళ్లడానికి వచ్చారు. అప్పుడు మేమంతా స్టాఫ్ రూములో టీవీ చూస్తున్నాం. పొద్దుటి కార్యక్రమంలో సోఫా మీద కిట్, కొత్త టై కట్టుకుని. నిన్ను అసలేం మార్చిందో చెప్పమని యాంకరమ్మ అడిగింది.

కిట్ టై ముడి వదులు చేసుకున్నాడు. తర్వాత, "వెనకాల రాశాను," అన్నాడు.

"ఎంత చక్కగా చెప్పాడో," అని యాంకరమ్మ నవ్వి, వాతావరణ వార్తల వైపు తిరిగింది.

మిస్ ఓల్డ్‌రాయిడ్ అట్టపెట్టె బల్ల మీద దించారు. "దేని వెనకాల?" అన్నారు, మా అందరి వంకా చూస్తూ.

హెడ్మాస్టర్ రిమోట్ వెతికి టీవీ గొంతు పెంచారు. హెబ్లీలో శనివారం దాకా వాన అట. నేను కోటు జేబు మీద చెయ్యి వేసుకుని, ఏ రోజు ఎంత పడుతుందో శ్రద్ధగా విన్నాను.