సున్నపు పాదముల సంగ్రామము

కొండ యన్నది కంటికి కానరాని, గుట్ట యన్నది పేరునకైన లేని, ఎటు చూచినను వరిచేలును, చేల నడుమ కాలువలును, కాలువలపై కల్వర్టులును, కల్వర్టులపై కూర్చుండి లోకమును చక్కదిద్దు పెద్దమనుషులును తప్ప వేరొక ఉన్నతవస్తువు లేని సమతల కృష్ణాడెల్టా మండలమున తెనాలి యను పట్టణము కలదు. ఆ పట్టణపు శివారున, వేయిన్ని తొమ్మిదివందల తొంబదియైదవ సంవత్సరమున, మార్గశిర మాసమున, రాత్రంతయు ముసురు పట్టి తెల్లవారి వెలిసిన ఆదివారము ఉదయమున, ఏడు గంటల పదునైదు నిమిషములకు, ఏ మహాసంగ్రామమున పదిమంది ద్విచక్రమహారథులలో తొమ్మండుగురు పరాజితులైరో, ఏ మహాసంగ్రామమున ఒక్క చుక్క నెత్తురైన చిందలేదో, ఆ సంగ్రామమును చెప్పెదను. టిఫిను ముగించుకొని వచ్చి వినుడు. నడుమ లేచి పోవుట వీరగాథలకు మంచిది కాదు.

ఆ యేటనే పట్టణమునకు గేరు సైకిళ్ళు దిగినవి. తిన్నని హేండిలును, పనసకాయ తోలు వంటి టైర్లును గల ఆ వాహనములను కొండలెక్కుటకై సృజించిరని దుకాణదారుడు చెప్పగా, కొన్నవారికి పెద్ద చిక్కు వచ్చిపడెను. సైకిలున్నది, కొండ లేదు. వెంటనే తెనాలి, బాపట్ల, రేపల్లె ఔత్సాహికులందరు కలిసి పర్వత సైకిల్ సంఘము నొకదానిని స్థాపించి, ఎట్టి వివాదమునైనను ఒక్క ఈలతో ముగింపగల రిటైర్డు డ్రిల్లు మాస్టారు ఎజ్రా గారిని కార్యదర్శిగా ఎన్నుకొనిరి. పర్వతమేది యను చర్చ మూడు గంటలు సాగెను. రైల్వే వంతెన యని ఒకరనిరి. గడ్డివామి యని వేరొకరనిరి. తుదకు సంగం జాగర్లమూడి వైపు పోవు కాలువకట్టయే పర్వతమని చేతులెత్తి తీర్మానించి, మినిట్సు పుస్తకమున వ్రాసికొని, టీ త్రాగిరి. పన్నెండడుగుల మట్టికట్ట ఆనాటితో మహీధరమయ్యెను.

పందెపు నియమమొక్కటే. కట్టమీదుగా జాగర్లమూడి వంతెన వరకు పోయి, అక్కడ పాతిన ఎర్రజెండాను చుట్టి, వచ్చిన దారినే తిరిగి రావలెను; నడుమ ఎక్కడను కాలు నేలను సోకరాదు. అడుగడుగున సాక్షులను నిలుపుట సాధ్యము కాదు గనుకను, మనుష్యుల మాటను నమ్ముట ముప్పదియైదేండ్ల డ్రిల్లుపీరియడ్లలో మానుకొనెను గనుకను, ఎజ్రా గారు పోటీదారులందరి చెప్పులు విప్పించి, అరికాళ్ళకు తడిసున్నము పూయించెను. నల్లరేగడి బురదలో మోపిన తెల్లపాదము అబద్ధమాడలేదు గదా.

ఇక మన కథానాయకుడు. దక్షిణామూర్తి మాస్టారు తెలుగు పండితుడు. ఏబదిమూడేండ్ల ప్రాయమువాడు. బదిలీ ఉత్తరువు ఎటు త్రోలిన అటు పోయి, బాపట్లలో ఎనిమిదేండ్లు, రేపల్లెలో తొమ్మిదేండ్లు, తెనాలిలో తక్కినకాలము గడిపి, మూడూళ్ళ బాలురకును ఛందస్సు నేర్పజూచి, తాను మాత్రము నేర్చుకొనినవాడు. ఆయన వాహనము గేరు లేనిది, నల్లనిది, ఇరువదిరెండేండ్ల వయసుది. దానిని స్టాండు వేసినచో పక్కయింటివారికి మాస్టారు వచ్చినట్లు తెలియును. మూడు వారముల క్రిందట ఈ కట్టమీదనే సాధన చేయుచు, ఒక్క క్షణము కాలు మోపబోయి, మోకాలు మెలిపడి, సైకిలుతో సహా కాలువ యంచునకు జారి, గేదె లేచి వచ్చినట్లు ఇంటికి వచ్చెను. ఆ నాడు ధర్మపత్ని సావిత్రి తీర్పు చెప్పెను.

“చెప్తున్నా వినండి. పందెం రోజున మీరు ఒక్కసారి కాలు కింద పెట్టారో, ఆ సైకిలు మా తమ్ముడికి ఇచ్చేస్తాను. బడికి రిక్షాలో వెళ్దురుగాని. ఆ మోకాలికి కాపడం పెట్టలేక నా చేతులు పడిపోతున్నాయి.”

ఆమె అన్నమాట తప్పునది కాదు. సైకిలు పోయినచో మాస్టారికి ఆదివారములు పోవును. ఇంట భార్య మాటకును బడిలో హెడ్మాస్టరు మాటకును నడుమ, గాలి ముఖమునకు తగులుచుండ కట్టవెంట పోవు ఆ రెండు గంటలే ఆయనకు సొంతము. కావున ఆయన గుండెలోని భయము నిజమైన భయము. అందులో మా అతిశయోక్తి యేమియు లేదు.

పందెము మొదలగుటకు ముందు ఆయన హేండిలుపై చేయి వైచి, మేఘగంభీరస్వరమున ఇట్లు పలికెను:

“ఓ లోహతురంగమా! నీవును నేనును ఏకకాలమున తుప్పుపట్టితిమి. నేడు నీ గొలుసు జారెనేని నా మానము జారును. నీ గాలి పోయెనేని నా ప్రాణవాయువు పోవును. నన్ను మోయుము!”

“సైకిలుతో తర్వాత మాట్లాడుదురుగాని,” అనెను ఉప్మా డబ్బాతో గట్టున నిలిచిన సావిత్రి. “మోకాలికి నూనె రాశారా లేదా?”

“రాసితిని,” అని వీరుడు తగ్గుస్వరమున బదులిచ్చెను.

ఎజ్రా ఈల మ్రోగెను. తొమ్మిది గేరు సైకిళ్ళు కట్టపైకి ఎగబ్రాకినవి. అందరికన్న ముందు రేపల్లె మండలాఫీసు గుమాస్తా మోషే, అతని వెనుక బాపట్ల విత్తనముల వ్యాపారి జగన్నాథరావు, వారి వెనుక తక్కిన ఏడుగురు. అందరికిని వెనుక, పెడళ్ళపై నిలువుగా లేచి, పండ్లు బిగించి, పంచె ఎగగట్టి, అడుగునకొక్క శార్దూలపాదము మనసున చదువుకొనుచు, చక్రమునకు అంటిన రేగడి మడ్గార్డును నింపి ఇక కదలనని మొరాయించుచుండ, ఎదుట ముగ్గురు గేదెమహిషులు దారి ఇచ్చుట తమ వంశమున లేదన్నట్లు నిలిచియుండ, వాని తోకల నడుమనుండి దారి చేసికొని, తుమ్మముల్లు ఎడమకును గోతి కుడికిని వదలి, దక్షిణామూర్తి మాస్టారు పర్వతారోహణము గావించెను. పైకి చేరునప్పటికి మిగిలినవారు కనుచూపుమేరలో లేరు. ఆయన సున్నము మాత్రము చెక్కుచెదరలేదు.

సగము దారి గడిచెను. అంతలో ఎదుటినుండి, అప్పటికే జెండాను చుట్టి మరలిన మోషే, బురద చిమ్ముకొనుచు, ఒంటివాడై, విజయము జేబులో నున్నవానివలె వచ్చుచుండెను. అక్కడ కట్ట ఇరుకు. ఎదురెదురుగా వచ్చినవారు ముఖములు చూచుకొనక తప్పదు. మోషే చూచెను. చూచిన మరుక్షణమున అతనిలోని గుమాస్తా మాయమై, రేపల్లె హైస్కూలు తొమ్మిదవ తరగతి బి సెక్షను మూడవ బెంచి కుర్రవాడు మేలుకొనెను. బ్రేకు పడెను. రెండు కాళ్ళును నేలకు దూకెను. రెండు చేతులును జోడింపబడెను.

“నమస్కారమండి మాస్టారూ!”

“ఆయుష్మాన్ భవ!” అని మాస్టారు ఒక చేయి హేండిలు విడిచి, ఆ సాహసమునకు సైకిలు పాముబాట పట్టగా మరల కుదుటబరచుకొని, సాగిపోవుచు వెనుదిరిగి అడిగెను. “ఏరా మోషే, నాన్నగారు కులాసానా?”

“కులాసా అండి!” అని మోషే వినయముతో పలికి, అప్పుడు తన పాదములను చూచుకొనెను. చీలమండల వరకు నలుపు. “ఓరి దేవుడోయ్, దిగిపోయానే!”

పాఠకులారా, అతనిని చూచి నవ్వకుడు. సైకిలుపై పోవుచు, తనకు చదువుచెప్పిన మాస్టారు ఎదురైనప్పుడు దిగనివాడు ఆ మూడూళ్ళలో ఇంకను పుట్టలేదు. పాఠము మరచిరి, పద్యము మరచిరి, మాస్టారి చేత మార్కులు వేయించుకొనిన సంగతియు మరచిరి. కాళ్ళు మాత్రము మరువలేదు.

జగన్నాథరావు వ్యాపారి, బుద్ధిమంతుడు. దూరమునుండియే మోషే పతనమును చూచి, కారణమును గ్రహించి, ముఖమును కాలువవైపు త్రిప్పుకొని, నీటిలోని కొంగల నెన్నడును చూడనివానివలె చూచుచు దాటిపోదలచెను. దాటుచుండగా వినబడెను ఆ కంఠము.

“ఏరా జగన్నాథం, చూసీ చూడనట్టు పోతున్నావా?”

“లేదండి మాస్టారూ, అంత మాటా!” అనుటకు ముందే అతడు నేలపై నుండెను.

తక్కిన ఏడుగురు గుంపుగా వచ్చి, గుంపుగా చూచి, బడిలో ప్రార్థనగంట విన్నట్లు వరుసగా దిగి నిలిచిరి. మాస్టారు వారి నడుమనుండి అందరిని పేరుపేరున దీవించుచు, దీవెనకొకసారి కాలువలో పడబోవుచు సాగిపోయెను. జెండాను చుట్టునప్పుడు గాని తానేమి చేసెనో ఆయనకు తోచలేదు. పదిమందిలో తెల్లపాదములు ఇక తనవి మాత్రమే! ముప్పదియేండ్ల చాకిరీలో మొదటిసారి ఆ ఉద్యోగము అక్కరకు వచ్చెను.

తిరుగుప్రయాణమున, అక్కడనే వేచియున్న శిష్యులు తొమ్మండుగురు సైకిళ్ళు నడిపించుకొనుచు వెంట వచ్చిరి. మరల ఎక్కి ముందుకు పోవచ్చును గాని, మాస్టారిని దాటి పోవుట ఎట్లు?

గమ్యము అల్లంత దూరమున కనబడుచుండెను. ఉప్మా డబ్బాయు కనబడుచుండెను. బండ్లు మలుపుకొనుటకై కట్ట వెడల్పైన ఆ చోట, దారికి సరిగా నడిమధ్యమున, గొడుగు ఊతముగా, మెడకు మఫ్లరుతో ఒక వృద్ధుడు నిలిచియుండెను. ఆయన ఎనుబదినాలుగేండ్ల శేషగిరిరావు గారు. దక్షిణామూర్తికి అక్షరములు దిద్దించిన గురువు.

“ఎవర్రా అది? దక్షిణామూర్తివేనా?”

దిగినచో సైకిలు పోవును. దిగకున్న, ఇన్నాళ్ళు ఏ మర్యాదను తిని బ్రతికెనో ఆ మర్యాద పోవును. అదియును వెనుక తొమ్మండుగురు శిష్యులు కన్నులప్పగించి చూచుచుండగా. కుడికాలు తనంతట తానే పెడలు విడిచి క్రిందికి దిగుచుండెను. నేలకు జానెడు ఎత్తున నుండగా, ఆ కాలిని ఆయన బలవంతమున వెనుకకు లాగికొని, ఆకసము ప్రతిధ్వనింప ఎలుగెత్తెను.

“గురుదేవా! అవరోహణము నిషిద్ధమైన వ్రతమున నున్నాడు మీ శిష్యుడు! దిగి నమస్కరింపజాలను. దిగక దాటిపోజాలను. కావున తమకు ప్రదక్షిణము చేయుచున్నాను, స్వీకరింపుడు!”

అని హేండిలు కుడికి త్రిప్పి, గురువు చుట్టును తిరుగనారంభించెను. ఒకటి. మోకాలు కలుక్కుమనెను. రెండు. వెనుక చక్రము జారి, కట్ట యంచు వరకు పోయి, ఏ పుణ్యముననో నిలిచెను. శేషగిరిరావు గారు శిష్యుని ముఖము చూడగోరి, ఆయనతో పాటు తానును గిరగిర తిరుగుచుండెను. మూడు.

“ఒరేయ్, ఆపరా! కళ్ళు తిరుగుతున్నాయి!” అని వృద్ధుడు గొడుగెత్తెను. “చిన్నప్పుడూ ఇంతే, ఒక్కచోట నిలబడి చచ్చేవాడివి కాదు. నాకు ఇన్నాళ్ళల్లో ఇంత దణ్ణం ఎవడూ పెట్టలేదు. పో, పో. విజయోస్తు!”

“ఆ ముక్క మనకి తట్టలేదు చూడండి,” అని మోషే నుదురు కొట్టుకొనెను.

గుర్వాజ్ఞాకవచుడై మాస్టారు గమ్యము చేరెను. చేరెను గాని దిగలేదు. సైకిలు పడిపోకుండ మోషే ఒకప్రక్కను, జగన్నాథరావు వేరొకప్రక్కను పట్టుకొనగా, ఎజ్రా గారు కళ్ళజోడు తుడుచుకొని, వంగి పాదపరీక్ష చేసెను.

“కుడికాలు తెలుపు. ఎడంకాలు తెలుపు. మిగతావాళ్ళంతా నలుపే.”

“సార్, ఒక్క మాటండి,” అనెను జగన్నాథరావు. “కాలు పెట్టామండి, కాదనం. మర్యాదకి పెట్టాంగానీ అలిసిపోయి పెట్టలేదండి.”

“మర్యాదైనా అలసటైనా బురద ఒకటేనయ్యా,” అని ఎజ్రా ఈల ఊదెను. వివాదము ముగిసెను.

చప్పట్లు మ్రోగినవి. బహుమతిగా నీలిరంగు ప్లాస్టిక్ బకెట్టు తెచ్చిరి. మాస్టారు దానివంక చూడలేదు. చప్పట్లు వినలేదు. సీటుపై అట్లే బిగుసుకొని, గట్టుననున్న భార్యవంక చూచి, సమాసములన్నియు మరచి అడిగెను.

“సావిత్రీ, దిగమంటావా?”

ఆమె డబ్బా క్రింద పెట్టి, దగ్గరకు వచ్చి, ఎజ్రా గారి కళ్ళజోడును నమ్మనిదానివలె తానే ఆ రెండు పాదములను ఎత్తి చూచెను. వాచిన మోకాలిని చూచెను. కొంగుతో ఆ మోకాలి బురద తుడిచెను.

“దిగండి,” అనెను. “మా తమ్ముడికి వేరే సైకిలు కొనిపెడతారులెండి వాళ్ళ మావగారు.”

అంతట నవశిష్యవిజేతయు, గురుప్రదక్షిణదక్షుడును, రేగడికి లొంగనివాడును, గేదెలను గెలిచినవాడును, ఇక మీదటి ఆదివారములన్నింటికిని ఏకైక ప్రభువును నగు దక్షిణామూర్తి మాస్టారు, మూడూళ్ళ జనము చూచుచుండగా, భార్యానుజ్ఞాతుడై, కాలు క్రింద పెట్టెను.