పచ్చ కారులో రెండు లీటర్ల పాలు

ఆ ఆదివారం పొద్దున శివశంకర్ అనుకున్నది చిన్న పనే. తొమ్మిదికి నల్లగండ్లలోని అపార్ట్‌మెంటు నుంచి పచ్చ కారు తీయాలి. తొమ్మిదీ నలభైకి గోపన్‌పల్లిలో బావమరిది సుబ్బరాయుడి గృహప్రవేశ ముహూర్తం. దారి పావుగంట. కారు యాభై ఏళ్ల నాటి ఇంగ్లండు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. కొని ఎనిమిది నెలలైంది. ఇంతవరకు అది తనంతట తాను నడిచిన దూరం కన్నా మెకానిక్ దగ్గరికి లాక్కెళ్లిన దూరమే ఎక్కువ.

భార్య పద్మావతి పట్టుచీరలో కిందికి దిగింది. చేతిలో రెండు లీటర్ల పాల క్యాను. తమ్ముడి కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఆడపడుచు. అంటే తనే.

"ఒక మాట ముందే చెప్తాండా. ఇది ఈ పొద్దు దారిలో నిల్చిందా, సాయంత్రానికి అమ్మేయాల. ముహూర్తం తప్పిందా, అమ్మేదానికి నేనే పోతా."

"నిల్వదులే," అన్నాడు శివశంకర్. గొంతులో ధైర్యం ఉంది. తాళంచెవిని మాత్రం కళ్లకద్దుకున్నాడు.

కారు దగ్గర వాచ్‌మన్ యాదయ్య మురిసిపోతూ నిలబడ్డాడు. ముందున్న జాలీ కనపడకుండా నాలుగు బంతిపూల దండలు, మామిడాకులు, నిమ్మకాయలు కట్టి ఉన్నాయి.

"ఏంది యాదయ్యా ఇదంతా?"

"దిష్టి సార్. రోజు పొద్దుగాల జూస్తున్న, కింద నూనె చుక్కలు. బండి ఏడుస్తంది. అందుకే గట్టిగ కట్టిన."

"శుభకార్యానికి పోతాండాం, ఉండనీ," అంది పద్మావతి.

ఆ జాలీలోంచే ఇంజనుకు గాలి పోవాలని శివశంకర్‌కు తెలుసు. భార్య మొహం చూశాక తెలియనట్టే ఉన్నాడు.

ఫ్లైఓవర్ దిగేసరికి వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. నడిరోడ్డున కారు నిలిచింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"అన్నా, పెండ్లి ఎన్నింటికి?" అన్నాడు బైకు మీద ఒకడు, దండలనూ పట్టుబట్టలనూ చూసి.

"ఇరవై ఆరేండ్ల కిందటే అయిపోయిందిలే, పో," అంది పద్మావతి.

అంతలో సుబ్బరాయుడి ఫోన్. "అక్కా, యాడుండారు? ఆవు బండి గూడా రాలేదు. డ్రైవరు ఫోన్ చేసినాడు. ఎవడో పనికిమాలినోడు దారికడ్డంగా కారు నిలిపినాడంట!"

పద్మావతి మొగుడి వైపు చూసింది. "నాకు తెలుసులే వాడు," అని, క్యాను సీటు మీద పెట్టి, ఫోనుతో రోడ్డు పక్క నీడకు నడిచింది.

వెనక మూడో బండి ఆ ఆవును తెస్తున్న ట్రాలీ ఆటోనే. కొత్త ఇళ్లకు ఆవునూ దూడనూ తోలుకుపోవడం డ్రైవర్ రవీందర్ పని. దిగి వచ్చాడు.

"జర జల్ది సార్, మా ఆవుకు టైమైతంది." కారు ముందుకు వంగి చూశాడు. "అరే, ముక్కు మూసి ఉరుకుమంటే ఏ బండి ఉరుకుతది!"

దండలు తెంపి ట్రాలీలో వేశాడు. ఆవు తినసాగింది. పదిహేను నిమిషాలకు ఆవిరి తగ్గింది. రవీందర్ గుడ్డ చుట్టి రేడియేటర్ మూత తిప్పాడు.

"నీళ్లున్నయా?"

"డిక్కీలో క్యానుంది," అన్నాడు శివశంకర్, కారు కిందికి వంగి చూస్తూ.

రవీందర్ డిక్కీ దాకా పోలేదు. సీటు మీదే ఒక క్యాను కనపడింది. శివశంకర్ తల ఎత్తేసరికి రేడియేటర్ గొంతులోకి తెల్లటి ధార పోతోంది.

"ఆగు! అవి పాలు!"

"పాలా? ఇంగ్లీషు బండ్లకు గిట్లనే తెల్లటి మందు పోస్తరేమో అనుకున్న." క్యాను తలకిందులు చేశాడు. ఒక్క చుక్క రాలింది.

పద్మావతి తిరిగి వస్తోంది. శివశంకర్ డిక్కీలోని నీళ్లు తెచ్చి పాల క్యానులో పోసి మూత బిగించాడు. రవీందర్ వైపు చూశాడు.

"నేనేం జూడలే," అన్నాడు రవీందర్.

కారు రెండుసార్లు దగ్గి కదిలింది. ముందు పచ్చ కారు, వెనక ఆవు.

గోపన్‌పల్లిలో గేటు ముందు దిగేసరికి ముహూర్తానికి రెండు నిమిషాలే మిగిలాయి. ఆవునూ దూడనూ లోపలికి పంపి పురోహితుడు, "పాలేవమ్మా?" అన్నాడు. పద్మావతి మూత తీసింది. చూసింది. వేలు ముంచి మళ్లీ చూసింది.

"ఏమండీ, పాలు యాడ?"

శివశంకర్ నోరు తెరిచాడు. సమాధానం కారు చెప్పింది. బానెట్ కింద ఏదో టప్పుమంది. సందుల్లోంచి తెల్లటి నురగ ఉబికి, పచ్చ రంగు మీదుగా జారి గేటు వైపు పారింది.

పురోహితుడు గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ నలభై. "శుభం! ముహూర్తానికి పొంగాయి. తూర్పుకే పొంగాయి. ఎవరమ్మా పొంగించింది?"

అందరూ పద్మావతిని చూశారు. ఆమె క్యాను మూత నెమ్మదిగా బిగించింది.

"ఆడబిడ్డను నేనే కదా స్వామీ," అంది.

సాయంత్రం మాడిన పాల వాసన మధ్య నిలబడి శివశంకర్, "దారిలో నిల్చింది. మాట మాటే. అమ్మేస్తాలే," అన్నాడు దిగులుగా.

"పాలు పొంగించిన బండిని అమ్ముతారా? కండ్లు పోతాయి!" అని పద్మావతి పసుపు తడిపిన చేయి బానెట్ మీద అద్దింది. ఎనిమిది నెలలు మెత్తటి గుడ్డతో తుడిచిన రంగు మీద అయిదు వేళ్ల పసుపు ముద్ర పడింది.

మరుసటి వారం తమ గృహప్రవేశానికి ఆ కారు పంపమని ముగ్గురు ఫోన్ చేశారు. పాలు వాళ్లే తెచ్చుకుంటారట.