పెళ్లెప్పుడని అడిగేవాళ్లు చల్లగా ఉండాలి

ఇటు రండర్రా, మంటకి దగ్గరగా జరగండి. థేమ్స్ మీంచి వచ్చే గాలికి నా మాట సగం కొట్టుకుపోతుంది. మీరేమో సగం విని మిగతా సగం కల్పిస్తారు.

ముందే చెప్పేస్తున్నాను. పెళ్లికాని ఆడపిల్లని పట్టుకుని "పెళ్లెప్పుడమ్మా?" అని అడిగేవాళ్లంత పుణ్యాత్ములు లోకంలో లేరు! వాళ్లని విసుక్కునేవాళ్లకి బొత్తిగా విశ్వాసం లేదు. ఆ ఒక్క ప్రశ్న పుణ్యాన మన ఇంగ్లండు నలభై ఏళ్లు పైగా బతికింది!

పోయిన మన ఎలిజబెత్ రాణీగారి సంగతే తీసుకోండి. పెళ్లి ఎంత చల్లని విషయమో ఆవిడకి మూడేళ్లు నిండకముందే చూపించారు. తల్లి తల తీయించింది కన్నతండ్రే. తర్వాత వచ్చిన సవతితల్లుల్లో ఇంకొకావిడ తల కూడా అదే దారిన వెళ్లింది. ఇంత చక్కటి తర్ఫీదు పొందిన పిల్ల కిరీటం పెట్టుకోగానే జనం ఏమడగాలి? "పెళ్లెప్పుడు తల్లీ?" అని అడిగారు. సభలో ప్రభువులు అడిగారు, బిషప్పులు అడిగారు, రేవులో చేపలమ్మేవాళ్లూ అడిగారు. పట్టాభిషేకం ఉంగరం చూపించి, నాకు రాజ్యంతో పెళ్లైపోయిందని ఆవిడ అంటే, "అది సరేనమ్మా, అసలు పెళ్లెప్పుడు?" అన్నారు.

అప్పుడు దొరికింది ఆవిడకి మందు. ఔననలేదు, కాదనలేదు. "చూద్దాం" అంది.

ఇక చూడండి వైభవం! స్పెయిన్ రాజు ఆశపడ్డాడు. స్వీడన్ వాడు కానుకలు పంపాడు. ఫ్రాన్సు నుంచి అన్న కాకపోతే తమ్ముడన్నారు. పెళ్లికొడుకు అయ్యే ఆశ ఉన్నవాడు ఫిరంగులు వేసుకొస్తాడా? నవ్వుతూ, తన బొమ్మ గీయించుకుని పంపిస్తాడు. స్పెయిన్ వాడు ఆఖరికి ఓడలేసుకొచ్చాడు, నిజమే. అది ఆశ పూర్తిగా చచ్చాక!

ఇదంతా చూసి బాగుపడ్డ మనిషి మా ఇంట్లోనే ఉంది. మా అన్న కూతురు పెట్రొనెల్. దానికి తండ్రి వదిలిపోయింది ఒక గంజి కొట్టు. దొరలూ దొరసానులూ మెడచుట్టూ బండిచక్రమంత పట్టీ కట్టుకు తిరుగుతారే, ఆ మడతలు నిలబడాలంటే గోధుమ గంజి పెట్టాలి, కాల్చిన ఇనపకడ్డీతో ఒక్కొక్క మడతా తిప్పాలి. ఆ పనిలో మా పిల్లని మించినవాళ్లు లండన్‌లో లేరు. మేనత్తని కాబట్టి చెప్పడం లేదు. మేనత్తని కాకపోయినా చెప్పేదాన్ని.

కొట్టు చూసి వీధంతా పెట్రొనెల్ పెళ్లి మీద బెంగ పెట్టుకుంది. ఎంత ప్రేమో! మన చట్టం తెలుసుగా, గుళ్లో ఆడది ప్రమాణం చేసీచెయ్యగానే దాని కుండలూ కడ్డీలూ కొట్టూ అన్నీ మొగుడివే. పెట్రొనెల్‌కీ తెలుసు. అందుకని అడిగినవాడికల్లా, ఎర్రటి కడ్డీ చేత్తో పట్టుకునే, "చూద్దాం" అనేది.

"రాణీగారనుకుంటున్నావే నువ్వు?" అన్నాను.

"ఆవిడకి రాజ్యం అత్తా, నాకు గంజి. ఏది విరిగిపోయినా మళ్లీ నిలబెట్టడం కష్టమే" అంది.

ఆ ఒక్క మాటకి మేం ఎన్నేళ్లు తిన్నామనుకున్నారు! మాంసం కొట్టు బార్నబీ పండగ పండక్కీ బలిసిన బాతు పంపేవాడు. బీరు కాచే ఫుల్క్ పీపా దొర్లించుకుంటూ స్వయంగా వచ్చేవాడు. చర్చిలో గంట కొట్టే గైల్స్ దగ్గర మాత్రం పంపడానికేం లేదు. వాకిట్లో నిలబడి, "నీ పెళ్లికి గంటలు నేనే కొడతా పెట్రొనెల్, తాడు తెగేదాకా" అనేవాడు. పెళ్లికొడుకు ఎవరో మాత్రం అడిగేవాడు కాదు పాపం. చెప్పండి, "పెళ్లెప్పుడు?" అన్న ప్రశ్న లేకపోతే ఆ బాతు ఎక్కడిది, ఆ బీరెక్కడిది?

అయితే పేటపెద్ద ఆంబ్రోస్ థార్న్‌గారికి మాత్రం ఓపిక తక్కువ. కొడుకు క్రిస్పిన్‌కి కొట్టున్న పెళ్లాం కావాలి. రాణీగారు గద్దెనెక్కిన రోజని నవంబరు పదిహేడున ఊరంతా గంటలు కొడతారుగా, ఆ రోజు విందులో ఆయన లేచాడు. రాణీగారి పేరు చెప్పి గిన్నెడు వైన్ తాగాడు. తాగి, నిండు సభలో పెట్రొనెల్ వైపు వేలు చూపించాడు.

"పెళ్లికాని ఆడదాని చేతిలో ఆస్తి ఉంటే అది నాశనమే! మగాడికి అప్పగించడమే ధర్మం. మా వాణ్ణి చేసుకుంటావా, కొట్టు మూయించమంటావా?"

మూయించగలడు మరి. పేటపెద్ద. పెట్రొనెల్ మెల్లిగా లేచి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"బయట రాణీగారి గంటల హోరులో వినపడలేదు దొరగారూ. పెళ్లికాని ఆడదాని చేతిలో ఏదో ఉంటే నాశనమన్నారు కదా? ఇంకోసారి గట్టిగా చెప్పండి, అందరూ వింటారు."

అంతే. రాణీగారి పెళ్లి గురించి ఉచిత సలహా అచ్చువేసిన పెద్దమనిషి కుడిచెయ్యి రాణీగారు నలుగురిలో నరికించడం ఆ సభలో సగంమంది కళ్లారా చూశారు. ఇప్పుడు అందరి కళ్లూ ఆంబ్రోస్‌గారి కుడిచేతి మీదికెళ్లాయి. ఆయన చూపూ అక్కడికే వెళ్లింది. చెయ్యి మెల్లిగా చొక్కాలోకి దూరిపోయింది.

"ఏమంటారు దొరగారూ?"

ఆయన ఎడంచేత్తో చెమట తుడుచుకుని, "చూద్దాం" అన్నాడు!

ఇంకా ఏం సాక్ష్యం కావాలి మీకు? ఆ ప్రశ్న వరం కాదూ?

రాణీగారు పోయారు. ఇప్పుడు రాజుగారు. ఆయనకి భార్య ఉంది, పిల్లలున్నారు. "రాజ్యం ఎవరికి అప్పగిస్తావు నాయనా?" అని ఆయన్ని ఎవరూ అడగరు. పెట్రొనెల్ జుట్టు నెరిసింది. పెళ్లెప్పుడని దాన్నీ ఎవరూ అడగరు. వీధికి బెంగ తీరిపోయిందనుకున్నాను.

మొన్న నవంబరు పదిహేడున క్రిస్పిన్ వచ్చాడు. తండ్రి పోయాక పేటపెద్ద వాడే. ఇంట్లో పెళ్లాం ఉంది, కాబట్టి పెళ్లి మాట ఎత్తలేదు. వాకిట్లో నిలబడి, "వయసైపోయింది కదా పెద్దమ్మా, మగదిక్కు లేదు. తాళంచెవి నాకిచ్చెయ్" అన్నాడు.

చూశారా, మధ్యలోంచి పెళ్లి తీసేసినా ప్రశ్న ఎలా నిలబడిందో! అన్నేళ్లూ వాళ్లడిగింది తాళంచెవే. పెళ్లన్నది దానికి కట్టిన రిబ్బను.

పెట్రొనెల్ చెవి దగ్గర చెయ్యి పెట్టింది. "వినపడలేదు బాబూ. ఇంకోసారి గట్టిగా చెప్పు."

చెప్పాడు! వీధంతా వినేలా చెప్పాడు. ఎవరూ వాడి చేతి వంక చూడలేదు. వాడు చెయ్యి దాచుకోలేదు సరికదా, తాళంచెవి కోసం చాచాడు.

అప్పుడు మోగాయి గంటలు. రాణీగారు పోయినా ఆ రోజు కొట్టడం మన జనం మానలేదుగా. ఎప్పటిలా కాదు, చర్చి గోపురం ఊగేలా మోగాయి. క్రిస్పిన్ నోరు తెరుస్తాడు, మాట రాదు. మూస్తాడు, గంట ఆగుతుంది. మళ్లీ తెరుస్తాడు, మళ్లీ మోగుతుంది. పైన కిటికీలోంచి వాడి నోటినే చూస్తూ తాడు లాగుతున్నాడు మా గైల్స్. పెళ్లికి కొడతానన్న గంటలు! చీకటి పడేదాకా కొట్టాడు. క్రిస్పిన్ వట్టి చేతుల్తో వెళ్లిపోయాడు.

వచ్చే ఏడు మళ్లీ వస్తాడు. గైల్స్ చేతులు చూశాను, గిన్నె పట్టుకుంటే వణుకుతున్నాయి. తాడు పట్టుకోవడానికి ఇంకొన్ని చేతులు కావాలి. అందుకే ఇదంతా మీకు చెప్పింది. గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకి చెప్పండి. ఎవరైనా మీ పిల్లని పెళ్లెప్పుడని అడిగితే దండం పెట్టండి. తాళంచెవి ఎక్కడుందో మాత్రం ఒకసారి తడిమి చూసుకోండి.