ఐదువేల నంబరు తలుపు

శుక్రవారం పదకొండు గంటలకు గేటు దగ్గర కాటా ఎక్కిన లారీ బరువు, ఓనరు ఈశ్వరయ్య గదిలోని తెర మీద కనిపిస్తే ప్రిన్స్ ఉద్యోగం పర్మినెంటు. కనిపించకపోతే ఇంటికి. కాటేదాన్ బిస్కెట్ల కంపెనీలో ఆర్నెల్లుగా అతను రాసిన ప్రోగ్రామ్‌కు అదే పరీక్ష. మైలార్‌దేవ్‌పల్లిలో తల్లి వరమ్మ ప్రార్థన చేసి మరీ పంపింది.

పదిన్నర దాటాక తన టెర్మినల్ మీద ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. ఈ అడ్రసు ఇప్పటికే వాడుకలో ఉందని ఇంగ్లీషులో జవాబొచ్చింది. కంప్యూటర్లో ప్రతి ప్రోగ్రామూ ఒక నంబరు తలుపు దగ్గర కూర్చుని కబుర్లు అందుకుంటుంది, తలుపుకు ఒక్కరే. ఐదువేల నంబరు దగ్గర ఎవడో ముందే తిష్ఠ వేశాడు.

సరే పొమ్మని ఐదువేల ఒకటికి మారాడు. గేటు కంప్యూటరుకు పాత నంబరే తెలుసు గనుక పరుగున వెళ్లి దాన్నీ మార్చాడు. ఇందాకటి నుంచి బరువులు బాగానే పోతున్నాయని కాటా చూసే కుర్మయ్య చెప్పబోయాడు. వినే తీరిక ప్రిన్స్‌కెక్కడిది?

తిరిగొచ్చేసరికి ఓనరు గది నుంచి కబురు. వస్తున్న బరువులు ఆగిపోయాయట. ఇదంతా ఆ దొంగ పనేనని ప్రిన్స్ వాణ్ని వెతికి పట్టుకుని, ఎవడో ఏమిటో చూడకుండానే ఆపేశాడు. దాంతో ఓనరు తెర పూర్తిగా నల్లబడింది.

డిస్పాచ్ చూసే ప్రేమలత పక్క టెర్మినల్ నుంచి లేచింది.

“నేను సురూ చేసింది ఎవరు బంద్ చేసిండ్రు?”

పదిన్నరకు రాహుకాలం. మంచిపని అందులో పడకూడదని ఆమె పదింబావుకే కొబ్బరికాయ కొట్టి, ప్రిన్స్ భుజం మీదుగా చూసి నేర్చుకున్న కమాండ్ కొట్టేసింది. దొంగ ఎవరో కాదు, ప్రిన్స్ ప్రోగ్రామే. ఓనరు తెరకు బరువులు అందుతున్నదీ ఆ ఐదువేల తలుపు నుంచే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

“చెప్పొద్దా అక్కా?”

“నీకు గివన్నీ పట్టింపు లేవు గదా. పరేషాన్ చేసుడెందుకని ఊకున్న.”

తెర నల్లబడగానే గదిలోంచి వచ్చిన ఈశ్వరయ్య అంతా విన్నాడు. ప్రిన్స్ చెయ్యి పెట్టేదాకా మూడు లారీల బరువులు కళ్లారా చూశానన్నాడు.

“ప్రోగ్రాం మంచిగుంది. నువ్వు ముట్టకుంటే ఇంకా మంచిగుంటది. నౌకరీ పక్కా. సురూ చేసేది మాత్రం ప్రేమలతనే.”

ఆ సాయంత్రం ప్రిన్స్ ప్రోగ్రామ్‌లో ఒక్కటే మార్చాడు. అడ్రసు వాడుకలో ఉంటే ఇప్పుడది ‘ప్రేమలతక్కను అడుగు’ అంటుంది.