ఒకే నిజం పథకం

ఇకనుంచి నీళ్ళ శాఖలో ఒకే నిజం ఉంటుందని మంత్రిగారు ప్రకటించారు. ఇంతకుముందు ఎన్ని ఉండేవని ఏ విలేకరీ అడగలేదు. అడిగేవాళ్ళకు ముందు వరసలో కుర్చీ వెయ్యరు.

ప్రకటనకు కారణం చిన్నదే. మొన్నటి సభలో మంత్రిగారు లేచి, పట్నంలో వందకు తొంభై రెండు కుళాయిల్లో నీళ్ళొస్తున్నాయన్నారు. చప్పట్లు చల్లారకముందే కార్యదర్శిగారు లేచి అరవై ఒకటన్నారు. ఇద్దరూ చదివింది ఒకే రిపోర్టు. కాకపోతే ఆ ఫైలుకు శాఖలో 'ఫైనల్', 'ఫైనల్ ఫైనల్', 'అసలు ఫైనల్', 'ఇదే ఫైనల్ ఒట్టు' అని నాలుగు కాపీలు తిరుగుతున్నాయి. నీళ్ళ శాఖకు వర్షాలు తక్కువైనా వర్షన్లకు కొదవ లేదు.

ఆ రిపోర్టు తయారుచేసేది చార్టుల మాస్టారు. కాంట్రాక్టు మనిషి. అంకెలిస్తే రంగురంగుల గుండ్రాలూ కడ్డీలూ చేసి తెర మీద నిలబెడతాడు. నెలాఖరుకు కాంట్రాక్టు అయిపోతుంది. అంకె మార్చినవాడెవడో తేలందే కొత్త కాంట్రాక్టు మీద సంతకం పడదని పి.ఏ.గారు చెప్పారు. తేలేదాకా నువ్వేననుకుంటాంలే అని ఊరట కూడా చెప్పారు. పి.ఏ.గారు మంత్రిగారికి బావమరిది కూడా కావడంతో ఆ మాటకు రెండు హోదాల బరువుంది.

నీళ్ళ శాఖలో నీళ్ళు నమిలేవాళ్ళే గాని నోరు విప్పేవాళ్ళుండరు. మాస్టారు ఉద్యోగం మీద సగం ఆశకు నీళ్ళొదిలేసి, మిగతా సగంతో ఒక ఉపాయం పట్టుకుని మంత్రిగారి గదికి వెళ్ళాడు. రిపోర్టును ఎవరు, ఎప్పుడు మార్చారో రాసిపెట్టుకునే సాఫ్ట్‌వేర్లున్నాయన్నాడు. ఖరీదెంతన్నారు మంత్రిగారు. ఉచితమన్నాడు. మంత్రిగారు ఉచితానుచితాలు ఎరిగిన మనిషి గనక వెంటనే నిటారుగా కూర్చున్నారు.

మాస్టారు రెండు దారులు చూపించాడు. ఒకటి, అందరూ ఫైళ్ళు దాచుకునే ఆన్‌లైన్ డ్రైవు. పాత కాపీలన్నీ ఉంచుతుంది, ఎవరు సేవ్ చేశారో చెబుతుంది గాని లోపల ఏం మార్చారో చెప్పదు. రెండోది గిట్. రిపోర్టును ఒకే ముద్దగా కాకుండా విడి విడి టెక్స్టు ఫైళ్ళుగా సేవ్ చేసి అందులో పెడితే, పాత లెక్క పక్కనే కొత్త లెక్క చూపిస్తుంది. మార్చినవాళ్ళు పేరుతో పాటు కారణం కూడా రాయాలి.

పి.ఏ.గారు మొదటిదే మేలన్నారు. అది మితభాషి అట. మంత్రిగారికి మాత్రం రెండోదే నచ్చింది. "డబ్బు అక్కర్లేదు గనక గిట్ మనకు గిట్టుబాటు. గిట్టనివాళ్ళు ఏమన్నా అననీ" అని ఆయన అన్న మాటను మర్నాడు పేపర్లో బాక్సు కట్టి వేశారు.

మాస్టారు అరవై ఒకటితో మొదలుపెట్టాడు. కారణం రాయాలన్న నియమాన్ని ఉద్యోగులు భక్తిగా పాటించారు. 'పైనుంచి చెప్పారు' అని ఒకరు రాశారు. 'పైవారికి ఇంకా పైనుంచి చెప్పారట' అని ఇంకొకరు. 'రంగు బాగాలేదని అంకె మార్చాను' అని ఒక సూపరింటెండెంటు. వారం తిరక్కుండా అరవై ఒకటి తిరిగి తొంభై రెండయి కూర్చుంది.

మంత్రిగారు పొంగిపోయి, దొంగను కెమెరాల ముందే పట్టిస్తానని విలేకరులను పిలిచారు. వాళ్ళు హాల్లో టీ తాగుతుండగా, ముందు తన గదిలో ఒకసారి చూపించమన్నారు. మాస్టారు చూపించాడు. తెర మీద పి.ఏ.గారి పేరొచ్చింది. కారణం దగ్గర, 'మంత్రిగారి మాట నిజం చేయడానికి' అని ఉంది.

మంత్రిగారు కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ వాక్యం ఇంకోసారి చదివారు.

"నీ పరువు కోసమే కదా బావా" అన్నారు పి.ఏ.గారు.

మంత్రిగారు మాస్టారి వైపు తిరిగారు. "ఈ చరిత్ర ఒకసారి రాస్తే ఇక అంతేనా?"

నిజం చెప్పాలని కాంట్రాక్టులో లేదు. అయినా మాస్టారు చెప్పేశాడు. "తిరగరాయొచ్చండీ. పద్ధతి తెలిసుండాలి."

"ఎవరికి తెలుసు?"

"మన శాఖలో నాకొక్కడికేనండీ."

మంత్రిగారు అతన్ని మొదటిసారి ఆప్యాయంగా చూశారు. "అయితే నీ పేరే రాసెయ్. నీ పేరైతే తప్పుల్లేకుండా రాస్తావు."

"మరి నా కాంట్రాక్టు?"

"తప్పు చేసినవాడికి ఎలా ఇస్తామయ్యా? చరిత్ర సవరించేవాడికైతే ఇవ్వొచ్చు. అయిదేళ్ళకి."

హాల్లో ల్యాప్‌టాప్ దగ్గర మాస్టారే కూర్చున్నాడు. మొదటి స్లైడులో తన పేరు తనే వేశాడు. ఇతన్ని తక్షణం తొలగిస్తున్నామన్నారు మంత్రిగారు. చప్పట్లు. రెండో స్లైడులో శాఖకు కొత్తగా వచ్చిన చరిత్ర సవరణాధికారి పేరు వేశాడు. ఇంకా పెద్ద చప్పట్లు. విలేకరులు దోషి ఫొటో ఒకటి, అధికారి ఫొటో ఒకటి తీసుకున్నారు. రెండింటికీ మాస్టారు ఒకే చొక్కాతో నిలబడ్డాడు. చివర్లో కార్యదర్శిగారు లేచి, తాను మొన్న సభలో కూడా తొంభై రెండనే అన్నానని, అనుమానం ఉన్నవాళ్ళు గిట్‌లో చూసుకోవచ్చని సెలవిచ్చారు.

మాస్టారు ఇల్లు చేరేసరికి, టీవీ చూసిన భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"తీసేశారంటాడొకడు, పెద్ద పోస్టు ఇచ్చారంటాడింకొకడు. ఇంతకీ ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?"

మాస్టారు చెప్పులు విడిచి ఓ మూలకు సర్దాడు.

"ఏ వర్షన్లో?" అన్నాడు.