మా గోల్ఫ్ మైదానానికి మూడోసారి పాత రూపం

పాత గోల్ఫ్ మైదానాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యడం కన్నా పెద్ద నేరం ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. కోపం తెచ్చుకోకండి. మొత్తం విన్నాక తెచ్చుకోండి.

మా ఊరు పిట్‌డ్రమ్ సంగతే చూడండి. స్కాట్లండ్ తూర్పు ఒడ్డున ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బలు. దిబ్బల మీద గడ్డి, గడ్డి మీద గొర్రెలు, గొర్రెల మధ్య మేము, మా మధ్య ఒక బంతి. దీన్నే పెద్దవాళ్లు లింక్స్ అంటారు. మరి దీన్ని తయారుచేసింది ఎవరు? గాలి! ఆ గాలికి డిగ్రీ ఉందా? ఒక్క ప్లానైనా గీసిందా? తోచినచోట ఇసుక పోసి దాని దారిన అది పోయింది. చలికి తట్టుకోలేక గొర్రెలు నక్కి పడుకున్నచోట ఇసుక గోతులు పడ్డాయి. అలాంటి గాలివాటం పనిమీద మా తాతముత్తాతలు తరాల తరబడి ఆడారంటే, వాళ్ల తరఫున నేను సిగ్గుపడుతున్నాను.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. బడికి పోయే దారి మైదానం మీదుగా ఉండేది, అందువల్ల బడిదాకా ఎప్పుడూ చేరలేదు. చేపలు పొగబెట్టి అమ్ముకుంటాను. అయినా నాకే తెలుస్తోంది, ఆ పాత మైదానం ఎంత అన్యాయంగా ఉండేదో. బంతిని పడెయ్యాల్సిన పద్దెనిమిది గుంటల్లో ఏడోదాని దగ్గర ఎదురుగాలికి కొడితే బంతి వెనక్కొచ్చి నా టోపీలో పడేది. ఒకరోజు కొట్టిన బంతి నేను ఇంటికెళ్లి భోంచేసి వచ్చేసరికి కూడా ఇంకా పైనే ఉంది. సముద్రపు కొంగ ఒకటి దానిమీద కూర్చుని అలుపు తీర్చుకుంటోంది. మనిషన్నవాడు ఇలాంటిచోట ప్రశాంతంగా ఎలా ఆడతాడు చెప్పండి?

అందుకే మొదటి డిజైనరు మా పాలిట దేవుడిలా వచ్చాడు.

అప్పటికి కొత్తరకం బంతులొచ్చాయి. ఎవరు కొట్టినా దూరం పోతున్నాయి. మైదానం చిన్నదైపోయిందని క్లబ్బువాళ్లు దిగులుపడ్డారు. బంతి జోరునే కాస్త తగ్గిస్తే సరిపోదా అని మా ఊరి అమాయకుడెవరో అడిగాడట. అందరూ జాలిగా చూశారు. బంతికి కంపెనీ ఉంది, ప్రకటనలున్నాయి. నేలకి ఎవరున్నారు? అందుకని డిజైనరు అడ్డమొచ్చిన దిబ్బని చదును చేసి నేలనే సాగదీశాడు. మొదటి దెబ్బ కొట్టే చోటు వెనక్కీ వెనక్కీ జరిగి పక్క ఊరి పొలిమేరలో తేలింది. అక్కడ వాన పడుతుంటే గుంట దగ్గర ఎండ కాస్తుంది. పొద్దున నున్నగా గడ్డం గీసుకుని ఆట మొదలుపెట్టినవాడు చివరి గుంట చేరేసరికి సన్యాసిలా తయారవుతాడు. ఒంటికి ఎంత వ్యాయామం!

తరవాత రెండో డిజైనరు. ఈయన మరీ దయామయుడు. సముద్రం పక్కనే చెరువు తవ్వించాడు. అంత సముద్రం పెట్టుకుని చెరువెందుకండీ అని అడిగితే, సముద్రం మన అదుపులో ఉండదు కదా అన్నాడు. నిజమే! గడ్డి కూడా కొత్తది తెచ్చి పరిచాడు. మా పాత గడ్డి ఉప్పుగాలి తిని బతికే మొండిది. ఈ కొత్త గడ్డి సుకుమారం. దానికి నీళ్లు చిమ్మే గొట్టాల్లో ఉన్న జోరు మా ఇళ్ల కుళాయిల్లో లేదు. పూర్వం గట్టినేల మీద బంతి పడితే దొర్లేది, కుడికి చూసేది, ఎడమకి తిరిగేది, ఆలోచించుకుని తనకు నచ్చినచోటికి పోయేది. ఎటు పోతుందో తెలిసినవాడే మొనగాడు. ఇప్పుడా బాధ లేదు. పడినచోటే పడుకుంటుంది, పెరుగన్నంలో ఆవకాయ ముక్కలా. ఎంత క్రమశిక్షణ!

ఇసుక గోతులు ఇంకా లోతు చేయించాడు. ఎడిన్‌బరో నుంచి వచ్చిన పళ్ల డాక్టరొకాయన పద్నాలుగో గుంట పక్కనున్న దాంట్లోకి దిగాడు. ఎంతకీ పైకి రాడే! తాడు కట్టి రొట్టెలు దించాం, టీ దించాం. చివరికి మా మేనత్తకి పన్ను నొప్పి ఆగకపోతే ఆమెనీ దించాం. ఆయన పన్ను పీకి పైకి పంపాడు. బాగా పీకాడు కూడా.

అయితే రెండో డిజైనరు అందరికన్నా ఎక్కువ మేలు చేసింది మా నెట్టా వదినకి.

నెట్టా వదిన నా భార్యకి అక్క. మైదానానికి ఎదురుగా, వరసలో చివరి ఇల్లు ఆమెది. మా ఊరి ఆడవాళ్లకి ఆ గడ్డిమీద బట్టలారేసుకునే హక్కు ఉంది. ఎప్పుడో రాజుల కాలంలో దఖలుపడ్డది. బట్టలారేసేవాళ్లు ఉన్నంతకాలం లోపలికి దారి మూయకూడదు. అందుకే క్లబ్బువాళ్లు మైదానం చుట్టూ కంచె వేసినా ఒక చిన్న గేటు వదిలిపెట్టాల్సివచ్చింది. సాయంత్రమైతే మా ఊరివాళ్లు ఆ గేటులోంచే కుక్కని వెంటబెట్టుకుని, పాత కర్ర ఒకటి చంకన పెట్టుకుని వెళ్లి, వెలుతురున్నంతసేపూ బంతి కొట్టుకుంటారు. నేనూ అంతే. దేశదేశాల నుంచి డబ్బు పోసి ఆడటానికొచ్చే పెద్దమనుషులకి ఇది కంటికి ఇంపుగా ఉంటుందా? చేపల వాసన వేరే!

క్లబ్బు సెక్రటరీ లమ్స్‌డెన్ గారిది వెన్నలాంటి మనసు. పాపం ఆడవాళ్లు గాలిలో కష్టపడుతున్నారని ఆయనకి నిద్రపట్టలేదు. మైదానం వైపున్న ప్రతి ఇంటికీ బట్టలారబెట్టే మిషను ఉచితంగా ఇప్పించారు. అందరం తీసుకున్నాం. మా ఇంట్లోదానికి మేజోళ్లంటే ఇష్టం, వారానికొకటి మింగుతుంది. నెట్టా వదిన మాత్రం తనదాన్ని కొట్టంలో పెట్టి విత్తనపు బంగాళాదుంపలు దాచుకుంది. దాంతో ఊరు మొత్తమ్మీద బయట బట్టలారేసేది ఆమె ఒక్కతే అయింది. ఆమె గనక మానేస్తే గేటుకి తాళమే.

ఆ సంగతి లమ్స్‌డెన్ గారికి తెలుసు. వదినకీ తెలుసు. మా ఊళ్లో సోమవారం బట్టలుతికే రోజు. ఎండైనా వానైనా సోమవారం పొద్దున్నే ఆమె బుట్టతో గేటు దాటేది. ఓరోజు కుండపోతగా కురుస్తుంటే దుప్పటి దండెం మీద వేస్తోంది. ఈ వానలో ఆరతాయా వదినా అని అడిగాను. ఆరడం వాటి పని, ఆరెయ్యడం నా పని అని ఊరుకుంది.

అప్పుడు డిజైనరు దయతలచి, చూపుకి అడ్డంగా ఉన్నాయని దండెం గుంజలు పీకించాడు. ఆరేసుకోవచ్చని హక్కులో ఉంది గానీ, గుంజలిస్తామని ఉందా? వదిన ముళ్లపొదల మీద ఆరేసింది. కొన్నాళ్లకి పొదలూ కొట్టేశారు. గడ్డిమీద పరిచింది. నీళ్లు చిమ్మే గొట్టాలు సరిగ్గా సోమవారం పొద్దున్నే నిద్రలేవడం మొదలుపెట్టాయి. యంత్రాలు కదా, వాటికేం తెలుసు! ఆ తరవాత తడిబట్టల కింద గడ్డి చచ్చిపోతోందని అదీ వద్దన్నారు. బట్టలారేసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఈ వేసవి దాటగానే గేటు మూసేస్తామని లమ్స్‌డెన్ గారు ఊరి సభలో ఎంతో బాధగా చెప్పారు. తాళం అప్పటికే కొని జేబులో వేసుకున్నారు, బాధలో మరిచిపోతారేమోనని.

సరిగ్గా అప్పుడే దిగాడు మూడో డిజైనరు పెల్హామ్.

పెల్హామ్ గారు దక్షిణాది మనిషి. ఇంగ్లండు. మెత్తగా మాట్లాడతాడు. మొదటాయన చేసింది తప్పన్నాడు, రెండో ఆయన చేసింది పాపమన్నాడు. మైదానానికి దాని అసలు రూపం తిరిగి ఇచ్చేస్తానన్నాడు. పాత రూపం తేవడానికి కొత్త బుల్‌డోజర్లు వచ్చాయి. చెరువు పూడ్చారు. గాలి పోసిన దిబ్బని మొదటాయన చదును చేశాడు కదా, దాన్ని మళ్లీ లారీలతో పోశారు. నాకు కళ్లనీళ్లొచ్చాయి. గాలి ఊరికే చేసిన పనిని ఇంత ఖర్చుపెట్టి ఎవరు చేస్తారు!

ఆయనకి పాత ఫొటో ఒకటి దొరికింది. అందులో దిబ్బలున్నాయి, పొట్టిగడ్డి ఉంది, వరసగా గుంజలున్నాయి, గుంజల మధ్య తెల్లగా రెపరెపలాడుతూ ఏవో ఉన్నాయి. పెల్హామ్ గారికి ఒళ్లు పులకరించింది. పూర్వకాలం ఆటగాళ్లకి గాలి వాలు తెలియడానికి జెండాలు కట్టేవాళ్లని కనిపెట్టాడు. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఏర్పాటట! వెంటనే ఓక్ చెక్కతో గుంజలు చేయించి, అదే చోట, అదే ఎత్తున పాతించాడు. తాళ్లు కట్టించి తెల్లటి జెండాలు వేయించాడు. పక్కన ఇత్తడి ఫలకం.

ఊరంతా చూశాం. ఎవరం నోరు విప్పలేదు. పెద్దమనిషి తప్పు చెబుతున్నప్పుడు మధ్యలో అడ్డం పడటం మా ఊళ్లో మర్యాద కాదు. నవ్వొస్తే ఇంటికెళ్లి తలుపేసుకుని నవ్వుకుంటాం. ఆ వారం వీధిలో ఒక్క తలుపూ తెరిచిలేదు.

కొత్త మైదానం ప్రారంభం సోమవారం పెట్టుకున్నారు. సోమవారం! మా ఊరివాళ్లని ఒక్కమాట అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవాళ్లు. సూట్లు వేసుకున్నవాళ్లు, కెమెరాలవాళ్లు, బ్యాగ్‌పైపు ఊదేవాడు, అందరూ వచ్చారు. చిన్న గేటు తీసుకుని నెట్టా వదిన బుట్టతో వచ్చింది. జెండాలు ఒక్కొక్కటే విప్పి, చక్కగా మడతలు పెట్టి, ఫలకం మీద పేర్చింది. తన దుప్పట్లు వేసింది, దిండు గలీబులు వేసింది. సరిగ్గా మధ్యలో చలికాలం వేసుకునే పొడుగు లాగులు రెండు తగిలించింది.

లమ్స్‌డెన్ గారు పరుగున వచ్చారు.

"నెట్టాగారూ, ఇవి చారిత్రక జెండా గుంజలండీ. దయచేసి మీ బట్టలు తీసెయ్యండి."

వదిన నోట్లో క్లిప్పు ఉంది. దాన్ని తీసి గలీబుకి పెట్టి, అప్పుడు అడిగింది.

"ఎవరి చరిత్ర బాబూ?"

పెల్హామ్ గారు మర్యాదస్థుడు. ఫొటో తెచ్చి ఆమె చేతికిచ్చి, గుంజలూ జెండాలూ ఎక్కడున్నాయో వేలుపెట్టి చూపించాడు. వదిన కళ్లజోడు పెట్టుకుని ఫొటోని దగ్గరగా చూసింది. దూరంగా చూసింది.

"ఇది మా నాయనమ్మ దండెం," అంది. "ఆ మూడో జెండాకి కాళ్లున్నాయి, చూశావా నాయనా?"

పెల్హామ్ గారు చూశాడు. కాళ్లున్నాయి. మోకాళ్ల దగ్గర లేసు కూడా ఉంది.

లమ్స్‌డెన్ గారు ఊరుకోలేదు. గాలి ధాటికి చిరక్కుండా పూర్వం జెండాని రెండు గొట్టాలుగా కుట్టేవాళ్లేమో అన్నారు. వదిన తన లాగుల వైపు చెయ్యి చూపించింది.

"అయితే ఇవీ అవే. గాలి చూసుకుని ఆడుకోండి."

బ్యాగ్‌పైపు వాడికి ఊపిరి తప్పు దారిన పోయింది. ఆ రోజంతా దగ్గుతూనే ఉన్నాడు.

పెల్హామ్ గారు నిజాయితీపరుడు, ఆ మాట ఒప్పుకోవాలి. అసలు రూపమంటే అసలు రూపమే, ఇక్కడ బట్టలే ఉండాలి అని తేల్చేశాడు. ఇప్పుడు క్లబ్బువాళ్లకి రెండే దారులు. గుంజలు పీకేసి, ముసలమ్మ లాగుల్ని జెండాలనుకున్నామని కెమెరాల ముందు ఒప్పుకోవాలి. లేదా బట్టలే మా మైదానం ప్రత్యేకత అని చాటుకోవాలి. చాటుకున్నారు. గేటు తెరిచే ఉంది. లమ్స్‌డెన్ గారి తాళం ఇప్పుడు ఆయన సైకిలుకి ఉంది. జపాను నుంచి వచ్చినవాళ్లు వదిన దుప్పట్ల పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. వదిన వాళ్లచేత బుట్ట మోయిస్తోంది. చూశారా, మార్పుల వల్ల ఎన్ని లాభాలో!

వెళ్లిపోయే ముందు పెల్హామ్ గారు వదిన ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఫొటోలో కుడిపక్క కొంతమంది నిలబడి ఉన్నారు, పని బూట్లతో, చేతుల్లో తలో కర్రతో. ఒకడి పక్కన కుక్క. ఒకామె నడుమున చేపల బుట్ట. వీళ్లెవరో తెలుసా అని అడిగాడు. మా వాళ్లే అన్నాం. పగటిపూటే ఆడేవాళ్లా అని ఆశ్చర్యపోయాడు.

"కంచె లేదు కదా," అంది వదిన. "గుంజలు పెట్టావు, దిబ్బ పెట్టావు. వీళ్లని ఎప్పుడు పెడతావు మళ్లీ?"

అది తన కాంట్రాక్టులో లేదని, చాలా మర్యాదగా చెప్పి టీ తాగి వెళ్లాడు.

పోయినవారం ఆ ఫొటోని పెద్దది చేయించి క్లబ్బు హాల్లో తగిలించారు. మమ్మల్ని పిలవలేదు గానీ, చేపలివ్వడానికి వంటింటి దారిన వెళ్లి తలుపు సందులోంచి చూసొచ్చాను. అద్భుతంగా ఉంది. దిబ్బలున్నాయి, గుంజలున్నాయి, నాయనమ్మ లాగులు లేసుతో సహా ఉన్నాయి. కుడిపక్క మాత్రం లేదు. ఫ్రేము చాల్లేదని కత్తిరించారట.

నేనేమీ అనుకోలేదు. ఓక్ చెక్క ధర మండిపోతోంది. మనుషుల కోసం ఎవరైనా ఫ్రేము పెంచుతారా!